కొట్టు బాగుంది సరే, షేరు ఆ ధరకి తగునా? కాస్ట్‌కో లాంటి కంపెనీలని లెక్కగట్టే పద్ధతి

అమెరికా నుంచి ఎవరొచ్చినా సూట్‌కేసు తెరవగానే ముందు బయటపడేది అక్కడి కాస్ట్‌కో కొట్ల సొంత బ్రాండు కిర్క్‌లాండ్ బాదంపప్పు సంచి. మా పిన్ని డాలస్‌లో కొడుకు దగ్గర ఆర్నెల్లు ఉండి మొన్ననే కూకట్‌పల్లి వచ్చింది. సంచి విప్పి తలా గుప్పెడు పెడుతూ, "అదేం కొట్టోరా, లోపలికి పోవాలంటేనే ఏడాదికింత అని కట్టాలి. అయినా ఆదివారం బండి పెట్టుకోవడానికి జాగా దొరకదు" అంది. పక్కనే ఉన్న ఆవిడ అల్లుడు, అంటే మా బావ, వెంటనే ఫోన్ తీశాడు. "బావా, అయితే ఆ షేరు కొనేద్దామా?"

పిన్ని చెప్పింది కొట్టు సంగతి. బావ అడిగింది ధర సంగతి. ఈ రెండూ ఒకటేననుకుని చేతులు కాల్చుకున్నవాళ్లలో నేనూ ఉన్నాను. ఓ రిటైల్ కంపెనీ షేరుని "ఎప్పుడు చూసినా రద్దీగానే ఉంటుంది కదా" అన్న ఒక్క కారణంతో కొని, పెట్టిన డబ్బు వెనక్కి వస్తే చాలని నాలుగేళ్లు ఎదురుచూశాను. ఆ రోజు బావకి కాగితం మీద వేసి చూపించిన లెక్కే ఇక్కడ రాస్తున్నాను. కాలిక్యులేటర్, ఓ గంట టైమ్ ఉంటే చాలు.

ముందు లాభం ఎక్కడ పుడుతోందో చూడండి

మామూలు కొట్టు సరుకు మీద లాభం వేసుకుని బతుకుతుంది. కాస్ట్‌కో లాంటి వేర్‌హౌస్ క్లబ్ (సభ్యులకి మాత్రమే అమ్మే గోదాము కొట్టు) సరుకుని కొన్న ధరకి దగ్గరలోనే అమ్మేసి, ఏటా వచ్చే సభ్యత్వం ఫీజు మీద బతుకుతుంది. 1976లో సోల్ ప్రైస్ అనే ఆయన శాన్ డియాగోలో ప్రైస్ క్లబ్ పెట్టి ఈ పద్ధతి మొదలుపెట్టాడు. కాస్ట్‌కో మొదటి గోదాము 1983లో సియాటెల్‌లో తెరుచుకుంది. 1993లో ఈ రెండూ కలిసిపోయాయి. పెద్ద సూపర్ మార్కెట్లో ముప్పై వేల రకాల సరుకు దొరికితే కాస్ట్‌కోలో నాలుగు వేల లోపే దొరుకుతుంది. రకాలు తక్కువైతే ఒక్కోదాన్నీ కుప్పలుగా కొనొచ్చు, బేరం గట్టిగా ఆడొచ్చు. కొన్న ధర మీద 14, 15 శాతానికి మించి వేసుకోకూడదని కంపెనీలో ఒక కట్టుబాటు. 1980ల నుంచీ హాట్‌డాగ్‌ని డ్రింక్‌తో కలిపి ఒకటిన్నర డాలర్‌కే అమ్ముతున్నారంటే మొండితనం ఏ స్థాయిదో అర్థమవుతుంది.

హైదరాబాద్‌లో దీనికి సరిజోడు లేదు. కూకట్‌పల్లిలోని మెట్రో క్యాష్ అండ్ క్యారీ టోకు కొట్టుకి కార్డు ఉండేది, కానీ అది వ్యాపారం ఉన్నవాళ్లకిచ్చే గుర్తింపు కార్డు. వీధి చివరి కిరాణా ఆయన్ని బతిమాలి ఆ కార్డు మీద సామాను తెచ్చుకున్న ఇళ్లు మన దగ్గర తక్కువేం కాదు. (భారత్‌లోని ఆ వ్యాపారాన్ని 2023లో రిలయన్స్ రిటైల్ 2,850 కోట్లకి కొనేసింది.) డీమార్ట్‌కైతే కార్డే లేదు. కాబట్టి డీమార్ట్‌ని చూసిన కళ్లతోనే కాస్ట్‌కోని చూస్తే లెక్క తప్పుతుంది.

ఇప్పుడు కాగితం తీసుకోండి. 2025 ఆగస్టు 31తో ముగిసిన ఏడాదికి కాస్ట్‌కో అంకెలివి. సరుకు అమ్మకాలు సుమారు 26,990 కోట్ల డాలర్లు. సభ్యత్వం ఫీజుల మీద వచ్చింది 532 కోట్ల డాలర్లు. వడ్డీలు, పన్నులకి ముందు నిర్వహణ లాభం 1,038 కోట్ల డాలర్లు. చివర మిగిలిన నికర లాభం 810 కోట్లు, షేరుకి 18.21 డాలర్లు.

నిర్వహణ లాభంలోంచి ఫీజు తీసేయండి. 1,038 లోంచి 532 పోతే 506. దాన్ని అమ్మకాలతో భాగిస్తే 1.9 శాతం కూడా రాదు. అంటే వంద డాలర్ల సరుకు అమ్మితే జీతాలు, కరెంటు, రవాణా అన్నీ పోను కొట్టుకి మిగిలేది రెండు డాలర్లలోపే. లాభంలో సగానికి పైగా గుమ్మం దగ్గర చూపించే ఆ కార్డు మీదే వస్తోంది. మీరు ఏ క్లబ్ షేరు చూసినా మొదట చేయాల్సింది ఈ తీసివేతే. ఫీజు తీసేశాక ఏమీ మిగలకపోతే భయపడక్కర్లేదు, కానీ అప్పుడు ఫీజు కట్టేవాళ్ల మనసు మారితే కంపెనీకి వేరే ఆసరా ఉండదు.

ఈ అంకెల కోసం యూట్యూబ్ వీడియోలు చూడొద్దు. అమెరికా లిస్టెడ్ కంపెనీలన్నీ ఏటా టెన్-కే అనే నివేదిక అక్కడి మార్కెట్ నియంత్రణ సంస్థ ఎస్‌ఈసీకి ఇవ్వాలి. ఎస్‌ఈసీ సైట్‌లో కంపెనీ పేరు కొడితే ఉచితంగా వస్తుంది. వంద పేజీలు చూసి టెన్షన్ పడకండి. లాభనష్టాల పట్టిక, బ్యాలెన్స్ షీటు, సభ్యుల వివరాలున్న పేరాలు చాలు. వీటికి పది పేజీలు కూడా పట్టవు.

కార్డు మళ్లీ కట్టిస్తున్నారా?

సభ్యుల్లో ఎంతమంది మరుసటి ఏడాది కూడా డబ్బు కట్టారన్నది ఈ వ్యాపారానికి నాడి. 2024 ఆగస్టు ముగింపునాటికి అమెరికా, కెనడాల్లో ఇది 92.9 శాతం, ప్రపంచమంతా కలిపితే 90.5 శాతం. ఏడాది తిరిగేసరికి 92.3, 89.8కి దిగాయి. ఫోన్‌లో ఆన్‌లైన్ ద్వారా చేరిన కొత్త సభ్యులు పాతవాళ్లంత నిలకడగా కొనసాగడం లేదని కంపెనీ చెప్పింది. ఆ మాట నిజమే కావచ్చు. తగ్గింది అరశాతమే కాబట్టి ఇల్లు మునిగిపోయిందని కాదు గానీ, షేరు ధర కొండెక్కి కూర్చున్నప్పుడు ఈ అరశాతాన్ని కూడా గమనించాలి. మూడు నెలలకోసారి వచ్చే ఫలితాల్లో నేను ముందు వెతికేది దీన్నే.

ఫీజు ఆదాయం దగ్గర ఒక మాయ ఉంది. 2024లో 483 కోట్ల డాలర్లున్న ఫీజు ఆదాయం 2025లో 532 కోట్లయింది, అంటే 10 శాతం పెరుగుదల. బావ ఇక్కడే ఎగిరి గంతేశాడు. కానీ 2024 సెప్టెంబర్ 1న కాస్ట్‌కో ఫీజు పెంచింది. మామూలు కార్డు 60 నుంచి 65 డాలర్లకి, ఎగ్జిక్యూటివ్ కార్డు 120 నుంచి 130కి వెళ్లాయి. అంతకుముందు పెంచింది 2017 జూన్‌లో. ఏడేళ్ల తర్వాత వచ్చిన ఈ పెంపు వల్ల అంకె ఒకటి రెండేళ్లు ఉబ్బినట్టు కనిపించి మళ్లీ తన దారిలో పడుతుంది. ఫీజు కట్టే కుటుంబాల సంఖ్య 7.62 కోట్ల నుంచి 8.10 కోట్లకి పెరిగింది, అంటే 6 శాతం చిల్లర. అసలు ఎదుగుదల ఈ సంఖ్యలో ఉంది.

అమ్మకాల పెరుగుదల చూసేటప్పుడు కూడా కొత్తగా తెరిచిన గోదాములు, పెట్రోల్ ధర, కరెన్సీ మార్పులు తీసేసి పాత గోదాముల్లోనే ఎంత పెరిగిందో చూడండి. కాస్ట్‌కో బంకుల్లో పెట్రోల్ కూడా అమ్ముతుంది, కాబట్టి క్రూడ్ ధర మారితే మొత్తం అంకె ఊగుతుంది. ఇంకో చిన్న ఉచ్చు: వాళ్ల ఆర్థిక సంవత్సరంలో మామూలుగా 52 వారాలు, అప్పుడప్పుడు 53. 2023 అలాంటిదే. ఒక వారం ఎక్కువున్న ఏడాదితో పోలిస్తే మరుసటి ఏడాది నీరసంగా కనబడుతుంది, కంగారుపడకండి.

బేగం బజార్ పరీక్ష

మా నాన్నది కిరాణా కొట్టు. బేగం బజార్‌లో టోకు వ్యాపారి దగ్గర నెలరోజుల ఉద్దెర మీద సరుకు తెచ్చి, పదిహేను రోజుల్లో అమ్మేసి, మిగతా పదిహేను రోజులు ఆ డబ్బుని తిప్పుకునేవాడు. "మన పైసలు పెట్టకుండా కొట్టు నడిస్తే అదే లాభం" అనేవాడు. కాస్ట్‌కో బ్యాలెన్స్ షీటులో అదే కథ పెద్ద అంకెల్లో ఉంటుంది. గోదాముల్లో ఉన్న సరుకు విలువ కంటే సప్లయర్లకి ఇంకా కట్టాల్సిన బాకీ కాస్త ఎక్కువ. ఏడాదికి పన్నెండుసార్లకి పైగా సరుకు మొత్తం అమ్ముడై మళ్లీ నిండుతుంది. ఈ రెండు అంకెలు పక్కపక్కన రాసుకుని మూడేళ్లు పోల్చండి. సరుకు పేరుకుపోయి అమ్మకాలు పెరగకపోతే గిరాకీ తగ్గినట్టు.

డీమార్ట్ పద్ధతి వేరే. సప్లయర్లకి తొందరగా డబ్బిచ్చి ధర తగ్గించుకుంటుంది, ఎక్కువ స్టోర్లు సొంత స్థలాల్లో పెట్టుకుంటుంది. ఏది గొప్ప అని తీర్పివ్వను. ఒకదాని కొలత రెండోదానికి పెట్టొద్దని మాత్రం చెబుతాను.

ఇప్పుడు ధర. ఇక్కడ తీరిగ్గా కూర్చోండి

హైదరాబాద్‌లో నడుస్తున్న కొట్టు చేతులు మారేటప్పుడు కొనేవాడు ఏమడుగుతాడు? "రోజుకి గల్లా ఎంత? అద్దె, జీతాలు పోను ఏడాదికెంత మిగులుతుంది? ఎన్నేళ్లకి నా డబ్బు నాకొస్తుంది?" షేర్ మార్కెట్‌లో పీఈ అంటే ఈ మూడో ప్రశ్నే. షేరు ధరని షేరుకొచ్చే లాభంతో భాగించండి, అంతే.

లెక్క కోసం కాస్ట్‌కో షేరు 900 డాలర్లు అనుకుందాం. మీరు చదివే రోజు ధర ఎంతుంటే అది వేసుకోండి. 900ని 18.21తో భాగిస్తే 49 దాటుతుంది. లాభం ఇలాగే ఉంటే మీ డబ్బు మీకు రావడానికి 49 ఏళ్లు. ఏ కొట్టైనా ఆ లెక్కకి అమ్ముతానంటే మా నాన్న లేచి చొక్కా దులుపుకునేవాడు. కాస్ట్‌కో లాభం ఏటా పెరుగుతుంది కదా అంటారు, నిజమే. అందుకే ప్రశ్నని తిప్పి అడగాలి: ఈ ధర పెట్టి నాకు గిట్టాలంటే లాభం ఎంత వేగంగా పెరగాలి?

మీకు ఏటా 10 శాతం రావాలనుకోండి. పదేళ్లలో డబ్బు సుమారు 2.6 రెట్లవ్వాలి. 900 కాస్తా 2,335 దాకా చేరాలి. డివిడెండ్ (లాభంలోంచి షేరుదారులకి పంచే డబ్బు) అర శాతం పైచిలుకే కాబట్టి దాన్ని పక్కన పెడదాం. పదేళ్ల తర్వాత ఈ షేరుకి జనం 49 రెట్లు ఇస్తూనే ఉంటారని నేననుకోను, 30 వేసుకుంటాను. 2,335ని 30తో భాగిస్తే 78. అంటే షేరుకి లాభం 18 నుంచి 78 డాలర్లవ్వాలి. ఏటా దాదాపు 15.6 శాతం చొప్పున, పదేళ్లు ఆగకుండా పెరిగితేనే.

అది జరిగే పనేనా అని వెనక్కి తిరిగి చూడండి. 2015లో షేరుకి లాభం 5.37 డాలర్లు, 2025లో 18.21. ఏటా 13 శాతం. అదీ మధ్యలో కోవిడ్ కాలంలో జనం బస్తాలకి బస్తాలు కొన్న రోజుల్ని కలుపుకుని. ఇప్పుడు కంపెనీ ఇంకా పెద్దదైంది, 2025 ఆగస్టు చివరికి 914 గోదాములు. పెద్దదయ్యేకొద్దీ పరుగు నెమ్మదించడం మామూలు, ఇక్కడేమో ఇంకా వేగంగా పరిగెత్తాలని ధర అడుగుతోంది.

మరి గత పదేళ్లలో ఈ షేరు కొన్నవాళ్లు అంత బాగుపడ్డారు కదా అని బావ అడిగాడు. అడగాల్సిన ప్రశ్నే. 2015 ఆగస్టు చివర్లో ధర సుమారు 140 డాలర్లు, 2025 ఆగస్టు చివర్లో 940 దాటింది. ఆరున్నర రెట్ల పైన. ఇందులో లాభం పెరిగింది 3.4 రెట్లే. మిగతాది ఎక్కడినుంచి వచ్చింది? అప్పుడు లాభానికి 26 రెట్లు ఇచ్చిన జనం 2025లో 50 రెట్లు ఇచ్చారు. కంపెనీ సంపాదన 3.4 రెట్లు పెంచితే మార్కెట్ మోజు దాన్ని ఇంకో రెండింతలు చేసింది. 26 నుంచి 50కి ఒకసారి వెళ్లింది. మళ్లీ 100కి వెళ్తుందని నమ్మేవాళ్లు నిశ్చింతగా కొనొచ్చు.

నా సొంత అంచనా ఇలా వేశాను. లాభం ఏటా 12 శాతం పెరుగుతుంది, పదేళ్ల చివర పీఈ 30. అప్పుడు షేరుకి లాభం 56.6, ధర సుమారు 1,700. ఇవాళ 900 పెట్టినవాడికి ఏటా ఆరున్నర శాతం వస్తుంది, డాలర్లలో. అదే నాకు 10 శాతం కావాలంటే ఇవాళ నేనివ్వగలిగింది 650 డాలర్లు. మీకు 14 శాతం పెరుగుతుందనిపిస్తే అదే వేసుకోండి, కానీ ఎందుకు అనిపించిందో పక్కన ఒక వాక్యం రాసి పెట్టుకోండి. రాయడానికి వాక్యం దొరకకపోతే అంకె తగ్గించండి.

మన డీమార్ట్ చూపించిన నిదర్శనం

ఇదంతా పుస్తకం లెక్క అనిపిస్తే మనింటి పక్కనే ఒక కేసుంది. డీమార్ట్ నడిపే అవెన్యూ సూపర్‌మార్ట్స్ 2017 మార్చిలో 299 రూపాయలకి ఐపీఓకి (షేర్లని మొదటిసారి జనానికి అమ్మడానికి) వచ్చింది. 2021 అక్టోబర్‌లో షేరు 5,000 దాటింది. 2021-22లో కంపెనీ నికర లాభం 1,492 కోట్లు. 2024-25కి అది 2,707 కోట్లు, అంటే 80 శాతం ఎక్కువ. స్టోర్లు 415 అయ్యాయి. మరి 2025 మార్చి చివరికి షేరు? 4,000కి అటూ ఇటూ. లాభం దాదాపు రెట్టింపవుతుంటే షేరు వెనక్కి నడిచింది. స్టోర్లలో తప్పేం జరగలేదు, శనివారం సాయంత్రం బిల్లింగ్ క్యూ ఎప్పటిలాగే ఉంది. 2021లో కొన్నవాళ్లు రాబోయే ఐదారేళ్ల లాభానికి కూడా ముందే డబ్బు కట్టేశారు.

4,000 దగ్గర కూడా పీఈ 96. పైగా పెద్ద నగరాల్లో ఆన్‌లైన్ గ్రోసరీ ప్రభావం తమ స్టోర్లపై కనబడుతోందని 2024 అక్టోబర్‌లో కంపెనీయే ఒప్పుకుంది. మన వీధిలో బ్లింకిట్, జెప్టో కుర్రాళ్ల బండ్లు లెక్కపెడితే అర్థమయ్యే సంగతే. కాస్ట్‌కోకి ఈ ముప్పు తక్కువ, ఎందుకంటే ముందే ఫీజు కట్టిన మనిషి ఆ డబ్బు గిట్టించుకోవాలని మళ్లీ మళ్లీ అక్కడికే పోతాడు.

మిగతా క్లబ్బులు

శామ్స్ క్లబ్ షేరు విడిగా దొరకదు, అది వాల్‌మార్ట్‌లో భాగం. బీజేస్ అమెరికా తూర్పు వైపు ఎక్కువగా ఉన్న చిన్న క్లబ్, 2018 నుంచి మళ్లీ లిస్టయి ఉంది. 2025 జనవరిలో ఫీజు 55 నుంచి 60 డాలర్లకి పెంచింది. ప్రైస్‌స్మార్ట్ మధ్య అమెరికా, కరీబియన్, కొలంబియాల్లో నడుస్తుంది, కాబట్టి అక్కడి కరెన్సీలు పడితే దెబ్బ తగులుతుంది. వీటిమీద కూడా పైన చెప్పిన తీసివేత, తిప్పి అడిగే లెక్క రెండూ వేయండి. కాస్ట్‌కో కంటే పీఈ తక్కువ కనబడగానే చవక అని సంబరపడకండి. రెన్యూవల్ శాతం, పాత స్టోర్ల అమ్మకాల పెరుగుదల పక్కపక్కన పెట్టి పోల్చి చూస్తే ఆ తేడా ఎందుకుందో చాలావరకు తెలిసిపోతుంది.

హైదరాబాద్‌లో కూర్చుని కొనేవాళ్లకి పడే ఖర్చులు

విదేశాలకి డబ్బు పంపుకునే ఆర్‌బీఐ పథకం ఎల్‌ఆర్‌ఎస్ కింద ఒక మనిషి ఏడాదికి రెండున్నర లక్షల డాలర్ల దాకా పంపొచ్చు. ఏడాదిలో పది లక్షల రూపాయలు దాటిన మొత్తం మీద బ్యాంకు 20 శాతం టీసీఎస్ అనే ముందస్తు పన్ను పట్టుకుంటుంది (మాదాపూర్‌లో మీ తమ్ముడు పనిచేసే టీసీఎస్ కాదు). రిటర్న్ వేసినప్పుడు అది మీ పన్నులో సర్దుబాటవుతుంది, కానీ అప్పటిదాకా డబ్బు ఇరుక్కుంటుంది. డివిడెండ్‌లో 25 శాతం అమెరికాలోనే కోసుకుంటారు, దానికి ఇక్కడ క్రెడిట్ అడగొచ్చు. రెండేళ్లు దాటాక అమ్మితే లాభం మీద 12.5 శాతం. రిటర్న్‌లో విదేశీ ఆస్తుల వివరాలు రాసే షెడ్యూల్ ఎఫ్‌ఏ నింపడం మర్చిపోకండి, ఒక్క షేరున్నా నింపాల్సిందే. పెద్ద మొత్తం పెట్టేవాళ్లు ఇంకోటి గుర్తుంచుకోవాలి: అమెరికా పౌరులు కాని, అక్కడ నివాసం లేని మనలాంటివాళ్ల పేరిట 60,000 డాలర్లకి మించి అక్కడి షేర్లుంటే, మనిషి పోయాక అమెరికా ఎస్టేట్ పన్ను వర్తిస్తుంది. దీనికి మంచి ఆడిటర్‌ని కలవండి.

రూపాయి మాత్రం మనకి కొంచెం సాయం చేస్తుంది. 2015 ఆగస్టులో డాలర్ 66 రూపాయల దగ్గర, 2025 ఆగస్టులో 88 దగ్గర ఉంది, అంటే ఏటా మూడు శాతం లోపు. నా ఆరున్నర శాతానికి ఇది కలిపితే తొమ్మిది చిల్లర. ఎఫ్‌డీ కంటే నయమే, కానీ రిస్క్ షేరుది, రాబడి ఎఫ్‌డీ పక్కింటిది. అందుకే కొనలేదు.

బావ నా అంకెలన్నీ చూసి 12 శాతం దగ్గర గొడవపడ్డాడు. కొత్త దేశాల్లో గోదాములు తెరుస్తారు కాబట్టి 13 అన్నాడు. సరే అని 13 వేశాం. పీఈ 30 దగ్గరే ఉంచితే 715 వచ్చింది. ఫోన్‌లో 715 దగ్గర అలర్ట్ పెట్టుకున్నాడు, నేను 650 దగ్గర. సెప్టెంబర్ చివర్లో కాస్ట్‌కో ఏడాది ఫలితాలొచ్చినప్పుడు ఇద్దరం షేరుకి లాభం, రెన్యూవల్ శాతం కొత్తవి వేసి మళ్లీ లెక్క కట్టుకోవాలని అనుకున్నాం.